ప్రభుత్వమే కౌలుదారు

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మా పొరుగు రైతుకు తోడుగా కౌంటీ (మన జిల్లా లాంటిది) వ్యవసాయ కార్యాలయానికి వెళ్ళినప్పుడు, కోతకు గురయ్యే భూమిని 10 నుంచి 15 ఏళ్ళు దున్నకుండా గడ్డి పెంచితే ప్రభుత్వం ఏటా కౌలు చెల్లించే పథకం గురించి వివరంగా తెలుసుకున్నాను. 1985 వ్యవసాయ చట్టంతో మొదలైన ఈ పథకంలో, గడ్డి విత్తే ఖర్చులోనూ సగం వరకు భరిస్తారు. ప్రభుత్వమే కౌలుదారు కావడం, కౌలు రైతుల కష్టాలు చూస్తూ పెరిగిన నాకు వింతగానే తోచింది. ఇలాంటి పథకాలను స్థానికంగా చూసే కౌంటీ కమిటీ సభ్యులను రైతులే ఓటు వేసి ఎన్నుకోవడం అంతకన్నా నచ్చింది. అయితే గడువుకు ముందే రైతు పథకం నుంచి తప్పుకుంటే అందుకున్న సొమ్మంతా వడ్డీతో తిరిగి కట్టాలి. మొక్కజొన్న ధర పెరిగిన ఏడాది ఆ షరతు బరువుగా ఉంటుందని మా పొరుగు రైతు అన్నారు. అందుకే వాగు వెంట ఉన్న పొలం ముక్కకు మాత్రమే దరఖాస్తు పెట్టారు.