వాగు వెంట పచ్చదారి: ప్లాన్ పాసయ్యేదాకా నా అనుభవం

ఇళ్ల మధ్యగా పారే మా వాగుకు రెండు పక్కలా కొంత ఖాళీ స్థలం మిగిలి ఉంది. దాన్ని పచ్చదారిగా, అంటే వాగు వెంట తెగకుండా సాగే చెట్లూ పొదల పట్టీగా కాపాడుతూ, జనానికి పనికొచ్చేలా ప్లాన్ తయారుచేయమని ఒక కమిటీ వేశారు. అందులో నేనూ ఉన్నాను. మొదటి మీటింగుకే చాలామంది మనసులో బొమ్మ తయారుగా ఉంది: వాగును ఆనుకుని నడకదారి, బెంచీలు, లైట్లు, మిగిలిన చోట లాన్. నేను పట్టుబట్టింది ఒక్కటే. ముందు నేల సంగతి, నీళ్ల సంగతి తేల్చుకుందాం, దారి ఆఖరున గీద్దాం. ఈ వరస తిరగబడితే కాపాడటానికి ఇక ఏమీ మిగలదని నా గట్టి నమ్మకం.

ఇదేమీ నేను కనిపెట్టిన పద్ధతి కాదు. ఇయాన్ మెక్‌హార్గ్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ 1960లలో దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. వాలు ఎక్కడ ఎక్కువ, ఏ మట్టి నీళ్లు ఇంకించుకుంటుంది, ముంపు ఎక్కడిదాకా వస్తుంది, పాత చెట్లు ఎక్కడున్నాయి – ఒక్కో విషయానికి ఒక్కో పారదర్శక షీటు మీద జాగ్రత్త అవసరమైన చోట్లకు రంగు వేసి, ఆ షీట్లను ఒకదాని మీద ఒకటి పరుస్తారు. ఎక్కువ రంగులు కలిసి ముదురుగా కనిపించిన చోట కట్టడాలు పెట్టకూడదు. ఇప్పుడు ఇదంతా జీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో కంప్యూటర్ మీదే అయిపోతుంది. అయినా మీటింగు కోసం మేం షీట్లే ప్రింట్ తీయించాం. ఒక్కో షీటు పరుస్తుంటే, లాన్ వేద్దామనుకున్న పల్లపు జాగా అందరి కళ్ల ముందే నల్లబడుతూ వచ్చింది. దాని గురించి నేను వేరే వాదించాల్సిన పని పడలేదు.

మ్యాపులతోనే సరిపెట్టుకోలేదు. పెద్ద వాన వెలిసిన మర్నాడు వాగు వెంట నడిచాం. పొదల్లో, చెట్ల కొమ్మల్లో చిక్కుకున్న గడ్డీ గాదం, ప్లాస్టిక్ పీలికలు నా భుజం ఎత్తున వరసగా వేలాడుతున్నాయి. నీళ్లు అంత ఎత్తుకు వచ్చి వెళ్లాయన్నమాట. ఆ మట్టాన్ని చెట్ల మీద సుద్దతో గుర్తుపెట్టి ఫొటోలు తీసుకున్నాం. చాలా ఏళ్లుగా అక్కడే ఉంటున్న ఒక పెద్దాయన మాతోపాటు వచ్చారు. వంపు దగ్గర ఆగి, "ఈ గట్టు మీద నీళ్లు పొర్లాయంటే అటు ఇళ్ల వైపు మళ్లుతాయమ్మా. మీ మ్యాపులో ఇది ఉందా?" అని అడిగారు. లేదు. ఆ రోజే చేర్చాం.

అసలు చిక్కు ఒక ఇరుకు దగ్గర వచ్చింది. మధ్యలో ఒక ప్రైవేటు స్థలం దాదాపు గట్టుదాకా వచ్చేసింది. దాన్ని వదిలేసి, ఉన్న డబ్బుతో దూరంగా పెద్ద జాగా ఏదైనా కొంటే విస్తీర్ణం పెరుగుతుందని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. పచ్చదారికి ప్రాణం విస్తీర్ణం ఒక్కటే కాదు, తెగకుండా సాగడం. ముక్కలైన అడవిలో అంచులు పెరిగిపోతాయి. అంచున ఎండ, గాలి, చప్పుడు, కలుపు అన్నీ ఎక్కువే. లోపలి నీడకు అలవాటుపడ్డ జీవులు అక్కడ నిలవలేవు, బయలు దాటి పక్క ముక్కలోకీ వెళ్లలేవు. గొలుసులో ఒక లంకె ఊడితే మిగతా లంకెలు ఎంత లావుగా ఉండి ఏం లాభం?

ఆ స్థలం కొనడం మా వల్ల కాదు. సంరక్షణ ఒప్పందం దారి పట్టాం. భూమి యజమానిదే, గట్టు పక్క భాగంలో కట్టడాలు కట్టే హక్కును మాత్రం ఆయన శాశ్వతంగా వదులుకుంటారు, తర్వాత కొనుక్కున్నవాళ్లకూ అదే షరతు వర్తిస్తుంది. ఆయన భయం కూడా న్యాయమైనదే: "రేపు జనమంతా నా పెరట్లో నడుస్తారేమోనండీ." ఆ భాగంలోకి జనాన్ని రానివ్వబోమని, దారి అవతలి గట్టు వైపు నుంచి పోతుందని రాతపూర్వకంగా ఇచ్చాకే సంతకం పెట్టారు. జనం నడవని పచ్చదనం కూడా పచ్చదారిలో భాగమేనని కమిటీకి నచ్చజెప్పడానికి మాత్రం ఇంతకంటే ఎక్కువ కష్టపడ్డాను.

దారి ఎక్కడ వేయాలన్న దగ్గర గొంతులు పెరిగాయి. నీళ్ల పక్కనే నడవాలని ఎవరికుండదు! కానీ ఒడ్డున ఉండే చెట్ల వేర్లే గట్టును పట్టి ఉంచుతాయి, ఆ పొదలే బురదనూ ఎరువులనూ వాగులో పడకుండా ఆపుతాయి. ఇలాంటి రక్షణ పట్టీ ఒక్కో ఒడ్డున 30 మీటర్లు ఉండాలని చాలాచోట్ల సూచిస్తారు. మాకు అంత జాగా అన్నిచోట్లా దొరకలేదు. దొరికిన చోట వదులుకోలేదు. దారిని పట్టీ బయటి అంచుకు జరిపి, నీళ్ల దగ్గరికి వెళ్లడానికి ఎంచుకున్న కొన్ని చోట్లే వదిలాం. వీల్‌చైర్లు పోగలిగేలా వాలు తగ్గించాం. లైట్లు వాగు వైపు కాకుండా దారికి ఇళ్ల వైపు అంచునే, వెలుగు కిందికి మాత్రమే పడేలా పెట్టాలని రాసుకున్నాం.

"ఇది పార్కా, మురుగుకాల్వా?" అని ఒకాయన విసుక్కున్నారు. రెండు పనులూ ఒకే జాగా చేయగలదని చెప్పడానికి అమెరికాలోని బోస్టన్ నగరం ఉదాహరణ ఇచ్చాను. అక్కడ 19వ శతాబ్దం చివర్లో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ బ్యాక్ బే ఫెన్స్ అనే చిత్తడి జాగాను రూపొందించింది వరద, మురుగు సమస్యల కోసమే. తర్వాత అది నగరం పార్కుల వరసలో భాగమైంది. సింగపూర్ కూడా 1990ల నుంచి కాల్వల అంచుల వెంట దారులు వేసి పార్కులను కలుపుతూ వస్తోంది.

నిర్వహణకు ఖర్చు ఎవరు పెడతారన్నది ఆఖరి టెన్షన్. అమెరికాలోని బౌల్డర్ నగరంలో 1967లోనే ఓటర్లు ఖాళీ భూములను కొని కాపాడటం కోసం తమ మీద తామే అమ్మకం పన్ను వేసుకున్నారు. మాకు అంత బలం లేదు. అందుకే ఖర్చు తక్కువయ్యేలా ప్లాన్ మార్చాం: లాన్ తగ్గించి స్థానిక గడ్డిజాతులు, ఏటా కలుపు జాతుల ఏరివేత, ఎక్కడిదాకా గడ్డి కోయవచ్చో చెప్పే హద్దురాళ్లు. హద్దురాళ్ల ఆలోచన కోత పని చేసేవాళ్లది. పని చేసేవాళ్లను మీటింగుకు పిలవడం ఎంత అవసరమో అప్పుడు అందరికీ తెలిసింది.

ప్లాన్ పాసయ్యేముందు ఒక షరతు చేర్పించాను: ఇరుకు దగ్గర ఒప్పందం రిజిస్టర్ అయ్యి, రోడ్డు కింద పాత తూము స్థానంలో జంతువులు పొడిగా దాటే అంచు ఉన్న వెడల్పు కల్వర్టు పడ్డాకే నడకదారి పనులు మొదలుపెట్టాలి. రిజిస్ట్రేషన్ అయిపోయింది. కల్వర్టు పని నడుస్తోంది. నడకదారికి ఇంకా ఒక్క రాయి కూడా వేయలేదు. ఎప్పుడు వేస్తారని అడిగినవాళ్లందరికీ ఆ షరతే చూపిస్తున్నాను.