సైన్స్ మొదలయ్యేలోపు ఏడు నెలలు: నా కొలాబరేటివ్ ప్రాజెక్ట్ కథ

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో మా మేడమ్ "మనది కొలాబరేటివ్ ప్రాజెక్ట్" అనగానే తెగ సంబరపడ్డాను. ల్యాబ్ మా యూనివర్సిటీది, పేషెంట్లు ఒక హాస్పిటల్ వాళ్ళ దగ్గర, సీక్వెన్సింగ్, అంటే జన్యువులోని అక్షరాల వరస చదవడం, ఇంకో సంస్థలో. హైదరాబాద్‌లో ఇదేమీ కొత్త కాదు, యూనివర్సిటీలు, సీఎస్ఐఆర్, డీబీటీ లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థల ల్యాబులు, పెద్దాసుపత్రులు అన్నీ ఈ ఊళ్ళోనే ఉన్నాయి కదా. ముగ్గురు చేతులేస్తే పని చకచకా అయిపోతుందనుకున్నా. ముగ్గురి సంతకాలూ కావాలన్న సంగతి అప్పుడు తట్టలేదు.

మా పని బీటా తలసీమియా మీద. 11వ క్రోమోజోమ్ మీద ఉండే హెచ్‌బీబీ అనే చిన్న జన్యువులో తేడా వస్తే హిమోగ్లోబిన్ సరిగా తయారవదు, జబ్బు ముదిరిన పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. మన దేశంలో ఎక్కువగా కనిపించే తేడాని ఐవీఎస్ 1-5 అంటారు. అదే తేడా ఉన్నా ఒకరికి జబ్బు తీవ్రంగా, ఇంకొకరికి కాస్త తేలిగ్గా ఎందుకుంటుందన్నది మా ప్రశ్న. సైన్స్ గురించి ఇంతకన్నా చెప్పను, మొదటి ఏడు నెలలు నేనూ దాన్ని ముట్టుకోలేదు.

మనుషుల మీద చేసే పరిశోధనకి ముందుగా అనుమతి ఇచ్చేది ఎథిక్స్ కమిటీ. హాస్పిటల్‌లో ఆ కమిటీ ఆఫీసుకి వెళ్తే "మీ యూనివర్సిటీ అప్రూవల్ లెటర్ తెండి" అన్నారు. యూనివర్సిటీలో అడిగితే "పేషెంట్లు వాళ్ళ దగ్గర కదా, ముందు వాళ్ళది రానివ్వండి" అన్నారు. శాంపిల్స్ చేతులు మారాలంటే ఎంటీఏ అనే ఒప్పందం ఉండాలి, అది ఎథిక్స్ అయ్యాకే అని లీగల్ సెక్షన్. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అంటారే, అచ్చం అదే. నెలన్నర ఇలా తిరిగాక హాస్పిటల్ ఆఫీసులో ఒక క్లర్క్ గారు నా మొహం చూసి జాలిపడి, "అవతలివాళ్ళ అనుమతికి లోబడి అని షరతు పెట్టి ఇమ్మని అప్లికేషన్‌లోనే రాయమ్మా" అన్నారు. ఒక్క వాక్యం! ఆయనకి స్వీట్ బాక్స్ ఇద్దామంటే తీసుకోలేదు.

కమిటీ మీటింగ్ ఇంకో కథ. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం చైర్‌పర్సన్ బయటి సంస్థ మనిషి అయ్యుండాలి, లాయరు ఉండాలి, సైన్స్‌తో సంబంధం లేని సామాన్య వ్యక్తి ఒకరుండాలి, కనీసం ఐదుగురు హాజరైతేనే కోరం. నా మొదటి తారీఖున నలుగురే వచ్చారు. స్లైడ్లు పట్టుకుని కారిడార్‌లో మూడు గంటలు కూర్చుని వెనక్కొచ్చేశా. తర్వాతి మీటింగ్ రెండు నెలలకి. ఈలోపు స్టైపెండ్ కూడా ఆగింది, మొత్తం నాలుగు నెలలు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకి 37,000 అని చుట్టాలందరికీ తెలుసు గానీ, ఆ నాలుగు నెలలూ నా ఆటో ఖర్చులు నాన్నే పెట్టుకున్నారని ఎవరికీ తెలీదు.

రెండోసారి కోరం ఉంది. డాక్టర్లు స్టాటిస్టిక్స్ అడుగుతారని రాత్రంతా చదువుకుపోయా. వాళ్ళు పెద్దగా ఏమీ అడగలేదు. ఆ సామాన్య సభ్యురాలు, రిటైరైన టీచరట, నా తెలుగు సమ్మతి పత్రం తీసి పైకి చదివారు: "మీ శిశువు యొక్క జన్యు ఉత్పరివర్తనములను విశ్లేషించుటకు..." అక్కడ ఆపి, "నలభై ఏళ్ళు తెలుగు చెప్పాను, నాకే నోరు తిరగట్లేదు. బిడ్డకి రక్తం ఎక్కించడానికొచ్చిన తల్లికి ఏం అర్థమవుతుందమ్మా? అసలే రక్తం చాలక వస్తే, మీరు ఇంకా తీస్తారా అని భయపడదా?" అన్నారు. ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు, నిజంగా సిగ్గేసింది. అనువాదం డబ్బులిచ్చి చేయించిందే మరి.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఒక్కో వాక్యం చదువుతూ, అర్థం కాలేదంటే మార్చుకుంటూ కూర్చున్నా. "2 మి.లీ." పక్కన "అర టీస్పూను కన్నా తక్కువ" అని చేర్చాను. "రక్తం ఎక్కించడానికి పెట్టే సూది నుంచే తీస్తాం, వేరే సూది గుచ్చం" అనీ, "మీరు వద్దన్నా వైద్యం ఎప్పటిలాగే జరుగుతుంది" అనీ రాశాను. మళ్ళీ పిల్లలకి విడిగా ఫారాలు: 7 నుంచి 11 ఏళ్ళవాళ్ళయితే నోటితో సరే అంటే చాలు, 12 నుంచి 18 అయితే రాతపూర్వకంగా కావాలి. ఇవన్నీ తెలుగు, హిందీ, ఉర్దూలో.

ఎంటీఏ ఆరో డ్రాఫ్ట్‌కి తేలింది. మిగిలిన రక్తం తిరిగివ్వాలా, పారేయాలా అన్న ఒక్క లైను దగ్గర రెండు లీగల్ సెక్షన్లూ ఐదు వారాలు ఉత్తరాలు రాసుకున్నాయి. అంతా అయ్యాక, సంతకం కింద తేదీ వేయలేదని ఇంకోసారి వెనక్కొచ్చింది.

మొదటి శాంపిల్ రోజు పొద్దున్నే ఏడుకే ఐస్ బాక్స్‌తో వార్డులో ఉన్నా. కొత్త రక్తం ఎక్కిందంటే దాత రక్తం కలిసిపోతుంది, కాబట్టి దానికి ముందే తీయాలి. తొమ్మిదేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ కాగితం మొత్తం చదివి సంతకం పెట్టింది. పిల్లకి నేను చెప్పడం మొదలుపెట్టేలోపే అడిగింది:

"సూది ఒక్కసారేనా అక్కా?"

"ఒక్కసారే."

"అయితే తీస్కో."

సిస్టర్ ఊదా మూత ట్యూబ్ నా చేతికిచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది. పేరు రాయకూడదు కాబట్టి 001 అని రాసి ఐస్‌లో పెట్టా.