స్టీరింగ్ గేర్ పడకపోతే ముందు గేర్‌బాక్సు జోలికి వెళ్లకండి

పాత షెవర్లే సీ-10 పికప్పుల్లో మూడు గేర్ల మాన్యువల్ బండికి గేర్ లివర్ స్టీరింగ్ పక్కనే ఉంటుంది. అమెరికాలో షెవర్లే పికప్పులకు ఈ ఏర్పాటు 1987 మోడల్ దాకా వచ్చింది. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని నడిపినవాళ్లకు ఈ గేర్ కొత్తేమీ కాదు. వాటిలో నాలుగు గేర్లు, ఇందులో మూడు, అంతే తేడా. లివర్‌ని మన వైపు లాగి కిందికి దించితే ఫస్టు, లాగి పైకెత్తితే రివర్సు. చెయ్యి వదిలేస్తే స్ప్రింగు దాన్ని అవతలి వరసకు నెట్టేస్తుంది. అక్కడ పైకి సెకండు, కిందికి థర్డు.

గేర్ సరిగ్గా పడట్లేదనగానే చాలామంది బాక్సు దించేస్తారు. తొందరపడొద్దు. తప్పు ఎక్కువగా స్టీరింగుకీ బాక్సుకీ మధ్యలోనే ఉంటుంది, అదీ చౌకగా దొరికే బుషుల్లో, అంటే కీళ్ల రంధ్రాల్లో రాపిడి లేకుండా తొడిగే చిన్న రింగుల్లో.

స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రాన్ని మోసే స్తంభం) లోపల ఒక గొట్టం ఉంటుంది. దాని అడుగున, ఇంజిన్ వైపు, రెండు పొట్టి లివర్లు. ఒకటి ఫస్టు-రివర్సుకి, రెండోది సెకండు-థర్డుకి. ఒక్కోదాని నుంచి ఒక్కో రాడ్డు గేర్‌బాక్సు పక్కకి వెళ్తుంది. మనం లివర్ లాగడంతో ఆ గొట్టం ఏ పొట్టి లివర్‌ని పట్టుకోవాలో తేలుతుంది. ఆ పట్టు కుదరకపోతేనే గొడవంతా.

ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు చెక్కలు పెట్టండి. ఒకరు సీట్లో కూర్చుని నెమ్మదిగా గేర్లు మార్చాలి. ఇంకొకరు బానెట్ ఎత్తి, టార్చి వేసి కాలమ్ అడుగున చూడాలి. కదలిక ఎక్కడ ఆగిపోతోందో అదే రోగం ఉన్న చోటు. పైన లివర్ ఊగుతున్నా గొట్టం కదలకపోతే లివర్ పిన్ను, దాని రంధ్రం అరిగాయి. గొట్టం తిరిగినా రాడ్డు ఆలస్యంగా కదిలితే బుషు పోయింది. బుషు ఎండి ముక్కలై రాలిపోయాక రాడ్డు కొన ఇనుము మీద ఇనుమై రాపిడి పెడుతుంది. గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేస్తుంది. అలాంటి రంధ్రంలో కొత్త బుషు వేసినా నిలవదు. లివర్ మార్చాలి, లేదా వెల్డింగుతో పూడ్చి మళ్లీ రంధ్రం వెయ్యాలి. నాలుగు కీళ్లలో ఒక్కో మిల్లీమీటరు లూజున్నా అన్నీ కలిసి గేర్ తప్పిపోవడానికి అది చాలు.

ఇక బాక్సు సంగతి. బండిని స్టాండ్ల మీద నిలిపి (ఒట్టి జాకీ మీద కాదు), రెండు రాడ్లనూ బాక్సు దగ్గర విప్పేయండి. పక్కన రెండు లివర్లు కనిపిస్తాయి: వెనకది ఫస్టు-రివర్సు, ముందుది సెకండు-థర్డు. ఒకటి న్యూట్రల్లో ఉంచి రెండోదాన్ని చేత్తో కదపండి. మధ్యలో ఒక చోట, అటూ ఇటూ ఒక్కో చోట టక్కుమని గట్టిగా కూర్చోవాలి. కూర్చుంటే బాక్సు బాగానే ఉంది. మెత్తగా జారుతుంటే మాత్రం సైడు కవరు తియ్యక తప్పదు.

ఫస్టు నుంచి సెకండుకి తొందరగా లాగినప్పుడు లివర్ ఇరుక్కుపోవడం ఈ బండ్లకు మామూలే. ఫస్టు పూర్తిగా బయటికి రాకముందే గొట్టం వరస మారుతుంది. బలం పెట్టకండి, పిన్ను విరుగుతుంది. ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, క్లచ్ తొక్కి ఉంచమని ఇంకొకరికి చెప్పి, కాలమ్ అడుగున రెండు పొట్టి లివర్లనూ ఒకే వరసకు, న్యూట్రల్‌కి నెట్టండి. పక్కన ఎగ్జాస్టు వేడిగా ఉంటుంది, చెయ్యి జాగ్రత్త. మళ్లీ మళ్లీ ఇరుక్కుంటే రాడ్లు సర్దాలి.

సర్దడానికి బాక్సు లివర్లు రెండూ, స్టీరింగ్ లివరూ న్యూట్రల్లో ఉండాలి. అడుగున పొట్టి లివర్లలో ఎదురెదురుగా ఉండే రంధ్రాల్లోంచి, లూజు లేకుండా పట్టే డ్రిల్ బిట్టు ఒకటి దూర్చండి. రాడ్ల క్లాంపు నట్లు వదులు చేసి, రాడ్డుని తొయ్యకుండా, లాగకుండా బిగించండి. బిట్టు తీసి గేర్లన్నీ వేసి చూసి న్యూట్రల్‌కి తెస్తే, అది మళ్లీ సులువుగా దూరాలి.

ఇంజిన్ ఆపితే గేర్లన్నీ హాయిగా పడి, స్టార్టు చేస్తే రివర్సు గరగరమంటుంటే లింకేజీని (ఈ రాడ్లనూ లివర్లనూ) అనుమానించకండి, అది క్లచ్ పూర్తిగా విడవకపోవడం. పెడలు ఫ్రీ ప్లే (క్లచ్ పని మొదలయ్యేలోపు పెడలు ఖాళీగా దిగే దూరం) సుమారు ఒక అంగుళం ఉందో లేదో చూడండి. బరువు లాగేటప్పుడు థర్డు జారిపోతుంటే రాడ్డు పొడవుతో పాటు ఇంజిన్ మౌంట్ల (ఇంజిన్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే దిమ్మెల) రబ్బరూ చూడాలి. అది చీలితే ఇంజిన్ పైకి లేచి రాడ్డుని లాగేస్తుంది.

బుషులు మార్చిన ప్రతిసారీ సర్దుబాటు మొదటి నుంచి చెయ్యాలి. పాత అరుగుదలకు తగ్గట్టు బిగించిన రాడ్డు కొత్త బుషుతో గేర్‌ని పూర్తిగా కూర్చోనివ్వదు.