ఇరవైకి పదమూడు వస్తే బెంబేలు పడకండి: ఫ్లాండర్స్ ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ సంగతులు

బెంగళూరు ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే మన పిల్లలు ఒక సెమిస్టర్ ఎక్స్ఛేంజ్‌కని బెల్జియం పేరు ఎత్తగానే మొదట తడబడేది యూనివర్సిటీల పేర్ల దగ్గరే. అక్కడ చదువుల వ్యవహారం 1989 నుంచి భాషా సముదాయాల చేతిలో ఉంది. డచ్ మాట్లాడే ఫ్లాండర్స్‌ది ఒక పద్ధతి, ఫ్రెంచ్ వాళ్లది ఇంకో పద్ధతి. కేయూ లూవెన్ ఫ్లాండర్స్‌ది, యూసీ లూవాన్ ఫ్రెంచ్ వాళ్లది. 1968 నాటి భాష గొడవల్లో వేరుపడ్డ అన్నదమ్ములు. బ్రస్సెల్స్‌లో డచ్ వాళ్ల వీయూబీ, ఫ్రెంచ్ వాళ్ల యూఎల్‌బీ కూడా అంతే, రెండు పేర్లకీ అర్థం ఒకటే: బ్రస్సెల్స్ ఫ్రీ యూనివర్సిటీ. మీ కాలేజీకి ఒప్పందం ఎవరితో ఉందో కాగితం చూశాకే అడుగు వెయ్యండి. అన్నట్టు, కేయూ లూవెన్ అని రాసున్నంత మాత్రాన క్లాసులు లూవెన్ ఊళ్లోనే ఉంటాయని కాదు. బ్రూజ్‌లోనూ, ఘెంట్‌లోనూ దాని క్యాంపస్‌లున్నాయి.

ఎక్స్ఛేంజ్ అంటే స్కాలర్‌షిప్ కాదు, రెండు కాలేజీలు విద్యార్థుల్ని ఇచ్చిపుచ్చుకోవడం. ఫీజు ఇక్కడి కాలేజీకే కడతారు, అక్కడ కట్టరు. మీ అంతట మీరు అప్లై చేసుకునేది కూడా కాదు, మీ కాలేజీ నామినేట్ చెయ్యాలి. అటునుంచి ఎవరూ రాకపోతే ఇటునుంచి వెళ్లే సీట్లు తగ్గుతాయి. పంపాలన్న కోరిక వాళ్లకి లేక కాదు. పట్టా పుచ్చుకునేవాళ్లలో మూడోవంతు మంది 2020 నాటికి కనీసం 10 క్రెడిట్లయినా బయటి దేశంలో చదివి ఉండాలని 2013లోనే ఫ్లెమిష్ (అంటే ఫ్లాండర్స్) ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. ఆగిపోయేది మన వైపే. ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు నడుస్తుందో జాబితా ఉండదు. విదేశీ విద్యార్థి దిగిన 24 గంటల్లో హాస్టల్ వాళ్లు ఆ వివరాలు ప్రభుత్వానికి పంపాలన్న సంగతి వార్డెన్‌కి తెలియదు. ఇంటర్నేషనల్ ఆఫీసు చూసే మాస్టార్లు పోస్టర్లు అచ్చేయించే ముందు ఈ రెండూ సరిచేసుకుంటే సీట్లు వాటంతటవే పెరుగుతాయి.

ఎప్పుడు వెళ్లాలి? మా ఓటు ఆరో సెమిస్టర్‌కి. అక్కడ రెండో సెమిస్టర్ ఫిబ్రవరి నడుమ మొదలై జూన్ పరీక్షలతో ముగుస్తుంది, ఇక్కడ ప్లేస్‌మెంట్ల హడావుడికి ముందే తిరిగొస్తారు. ఏడో సెమిస్టర్‌లో వెళితే కంపెనీలు వచ్చే వేళకి మీరు లూవెన్‌లో ఉంటారు. తప్పిన పేపర్లకి మళ్లీ పరీక్ష ఆగస్టు, సెప్టెంబరుల్లో పెడతారు. దానికోసం విమానం ఎక్కాలా, ఆన్‌లైన్‌లో రాయనిస్తారా అన్నది ముందే అడిగి మెయిల్‌లో జవాబు తెప్పించుకోండి.

అసలు పని లెర్నింగ్ అగ్రిమెంటులో ఉంది. అక్కడ చదవబోయే కోర్సులు ఒక వైపు, వాటి బదులు ఇక్కడ మినహాయించే సబ్జెక్టులు ఇంకో వైపు ఉండే పట్టిక అది. మూడు సంతకాలు కావాలి: మీది, మీ కాలేజీది, అక్కడివాళ్లది. అక్కడ డిగ్రీ స్థాయిలో ఇంగ్లీషు మీడియానికి చట్టం పరిమితి పెట్టింది కాబట్టి ఇంగ్లీషు కోర్సులు ఎక్కువగా మాస్టర్స్‌లోనే దొరుకుతాయి. ప్రతి కోర్సుకీ ఈసీటీఎస్ (యూరప్ క్రెడిట్ల పద్ధతి) ఫిష్ అని ఒక పేజీ ఉంటుంది. అందులో బోధనా భాష, సెమిస్టర్, ముందు చదివి ఉండాల్సినవి చూడండి. ఏడాది పొడుగునా సాగే కోర్సుని పొరపాటున ఎంచుకుంటే సగంలో వచ్చేయాల్సి వస్తుంది, క్రెడిట్లు సున్నా.

క్రెడిట్ల లెక్కలో దెబ్బతినేవాళ్లు చాలామంది. మన బీటెక్ నాలుగేళ్లకి సుమారు 160, అంటే సెమిస్టర్‌కి 20. వాళ్లది ఏడాదికి 60, సెమిస్టర్‌కి 30. మన ఒక క్రెడిట్‌కి వాళ్లది ఒకటిన్నర. 20కి 20 అనుకుని అక్కడ 20 తీసుకుంటే ఇక్కడ 13 చిల్లరే జమవుతుంది. ఒక్కో క్రెడిట్ వెనక 25 నుంచి 30 గంటల పని, ఇంట్లో చదువుకునేదీ అందులో కలిపే.

ఇక మార్కులు. ఇరవైకి వేస్తారు, పది వస్తే పాస్. 14 వస్తే బాగా రాసినట్టు, 18 అరుదు. మన ఆఫీసులో ఎవరో 13ని ఐదుతో గుణించి 65 శాతం అని వేస్తే, 9 సీజీపీఏ ఉన్న పిల్లకి ఆ సెమిస్టర్ 6.5 పడుతుంది. కేయూ లూవెన్‌లో మొత్తం మీద 68 శాతం వస్తేనే డిస్టింక్షన్ అన్న సంగతి ఆ గుమాస్తాకి ఎవరూ చెప్పరు. మార్కుల మార్పిడి సూత్రమో, ఉత్త పాస్-ఫెయిల్ పద్ధతో, ఏదో ఒకటి వెళ్లేముందే రాతపూర్వకంగా తీసుకోండి. వచ్చేటప్పుడు ట్రాన్‌స్క్రిప్టుతో పాటు గ్రేడ్ల పంపిణీ పట్టిక (ఎంతమందికి ఎన్ని మార్కులొచ్చాయో చూపేది) కూడా అడగండి.

ఉండేది 90 రోజులు దాటుతుంది కాబట్టి డి-వీసా కావాలి. ఇక్కడ మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, కాలేజీ రికార్డులో ఇనీషియల్, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. అడ్మిషన్ లెటర్ అచ్చంగా పాస్‌పోర్టులో ఉన్నట్టే రావాలి, నామినేషన్ రోజునే సరిచూసుకోండి. వీసా ఫీజు కాక బెల్జియం ఇమిగ్రేషన్ ఆఫీసుకి వేరే రుసుము ఉంటుంది, 200 యూరోలు దాటుతుంది. బ్యాంకులో పంపేటప్పుడు ఛార్జీలన్నీ మీరే భరించే పద్ధతి ఎంచుకోండి. దారిలో బ్యాంకులు కోసుకుని తక్కువ చేరితే ఫైలు ఆగుతుంది. పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పోలీస్ క్లియరెన్స్‌కి నేరుగా అపోస్టిల్ (మన కాగితం విదేశాల్లో చెల్లేందుకు విదేశాంగ శాఖ వేసే ముద్ర) వేయించొచ్చు. పుట్టిన సర్టిఫికెట్ అలా కాదు. అది ఏ రాష్ట్రం ఇచ్చిందో ముందు ఆ రాష్ట్రం ముద్ర పడాలి. గుంటూరులో పుట్టినవాళ్ల కాగితం బెంగళూరులో తిరగదు, దీనికి నెల ముందు నుంచే కదలాలి.

అద్దె గదిని అక్కడ 'కొట్' అంటారు. మన కొట్టుగది గుర్తొచ్చినా తప్పులేదు, కొన్ని అంతే ఉంటాయి. ఒప్పందాలు ఎక్కువగా ఏడాదికి రాస్తారు కాబట్టి, తామూ ఎక్స్ఛేంజ్‌కి వెళ్తున్న అక్కడి విద్యార్థుల గది ఆ కొద్ది నెలలకి తీసుకోవడం మేలు, ఓనర్ ఒప్పుకున్నట్టు రాత ఉంటేనే. విద్యార్థుల దగ్గర డిపాజిట్ రెండు నెలల అద్దె దాటకూడదని చట్టం. బెంగళూరు అడ్వాన్సులు ఇచ్చినవాళ్లకి ఇది నమ్మశక్యంగా ఉండదు. దిగిన ఎనిమిది పనిదినాల్లో టౌన్‌హాల్‌లో నమోదు చేసుకోవాలి. ఆ తర్వాత మీరు నిజంగా అక్కడే ఉంటున్నారో లేదో చూడ్డానికి ఆ వీధి పోలీసు వస్తాడు. ఎప్పుడొస్తాడో చెప్పడు. కాలింగ్ బెల్ పక్కన మీ పేరు లేకపోతే వెనక్కి పోతాడు, నివాస కార్డు ఆలస్యమవుతుంది. గదిలో దిగిన రోజే చీటీ మీద పేరు రాసి అంటించండి, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతోనే.