మూడో అటెంప్ట్‌లో జేఆర్ఎఫ్: ర్యాకుల మధ్య నేర్చుకున్న పాఠం

నిన్న రిజల్ట్ వచ్చింది. యూజీసీ నెట్ పరీక్షలో, లైబ్రరీ సైన్స్ సబ్జెక్టులో జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించాను. అమ్మ ఇంకా అందరికీ ఫోన్లు చేసి చెబుతూనే ఉంది.

రెండో అటెంప్ట్ రెండు ప్రశ్నల తేడాతో పోయింది. వర్గీకరణ (పుస్తకాలను విషయాల వారీగా విడదీసి నంబర్లివ్వడం) యూనిట్ మొత్తం నాకు కంఠతా వచ్చు. డ్యూయీ దశాంశ పద్ధతి 1876, రంగనాథన్ గారి కోలన్ పద్ధతి 1933, అందులోని ఐదు మూలాంశాలు పీఎంఈఎస్‌టీ... నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. కానీ ఏ స్కీమ్ వెనక ఏ తత్వవేత్త ఉన్నాడో జతపరచమంటే తెల్లమొహం వేశాను. సెంటర్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

తర్వాత ఒక కాలేజీ లైబ్రరీలో తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. ఒకరోజు ర్యాకుల్లో సర్దడానికి చేతిలో రెండు పుస్తకాలున్నాయి. తెలుగు వ్యాకరణం వీపు మీద డ్యూయీ నంబరు 494.8275, తెలుగు పద్యాల పుస్తకం మీద 894.8271. భాష ఒకటే, మధ్య అంకెలూ అవే. అయినా ఒకటి పెట్టి ఇంకోటి పెట్టడానికి సగం హాలు నడవాలి. ఎందుకు?

ఆ రాత్రి ఇంగ్లిష్ తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్‌ను మళ్లీ తెరిచాను. జ్ఞాపకం నుంచి చరిత్ర, ఊహ నుంచి కవిత్వం, హేతువు నుంచి తత్వశాస్త్రం పుడతాయంటాడు ఆయన. 1870లో అమెరికాలోని సెయింట్ లూయీలో పుస్తకాల వర్గీకరణ కోసం హారిస్ అనే తత్వవేత్త ఆ వరస తిరగేసి శాస్త్రాలను ముందు, కళలను తర్వాత, చరిత్రను చివర పెట్టాడు. భాషాశాస్త్రాన్ని శాస్త్రాల్లోనే ఉంచాడు. డ్యూయీది దాదాపు అదే వరస. అందుకే తత్వశాస్త్రం 100, చరిత్ర 900. అందుకే మన వ్యాకరణం శాస్త్రాల వైపు 400లో, పద్యం కళల వైపు 800లో! కోలన్‌లో రంగనాథన్ గారు మాత్రం సాహిత్యానికి ‘ఓ’, భాషాశాస్త్రానికి ‘పీ’ ఇచ్చి పక్కపక్కనే కూర్చోబెట్టారు. ఇది అర్థమయ్యాక బ్లిస్, హ్యూమ్ (Hulme) లాంటి మిగతా వర్గీకరణ సిద్ధాంతకర్తలు వారంలో అయిపోయారు.

అన్ని సబ్జెక్టులవాళ్లకూ కామన్‌గా ఉండే పేపర్ వన్‌కి పాత పేపర్లే చేశాను, అంతే.

రెండుసార్లు పోతే చదవట్లేదనే అన్నారు బంధువులు. రోజూ నాలుగున్నరకే లేచాను, పెళ్లిళ్లకు కూడా వెళ్లలేదు. చదవక కాదు, ‘ఎందుకు’ అని అడక్క పోయింది. కష్టపడుతున్నాం కదా అని ఊరుకోకండి, ప్రతి అంకెనూ నిలదీయండి.

ముందు డ్యూయీ పద్ధతి వాడే మీ దగ్గర్లోని గ్రంథాలయానికి వెళ్లి 200 ర్యాకు, అంటే మతాల ర్యాకు చూడండి. 220 నుంచి 280 దాకా బైబిల్, క్రైస్తవమే. గీతా వ్యాఖ్యానాలు, ఖురాన్, బౌద్ధం అన్నీ 290లో ఇరుక్కుని ఉంటాయి. మన ఊళ్లలో ఏ అర నిండి ఉందో, ఏది ఖాళీగా ఉందో చూసి వచ్చాక నోట్సు రాయండి.