క్లిక్ ట్రాక్ నా పరువు తీసింది

నిన్న రాత్రి మా ఆల్బమ్ ఫైళ్లు డిస్ట్రిబ్యూటర్‌కి (పాటల్ని మ్యూజిక్ యాప్‌లకు చేర్చేవాడికి) ఎక్కించేశాను. 8 పాటలు, 34 నిమిషాలు. సంతోషం, మంట రెండూ చల్లారకముందే రాసేస్తున్నా.

హైదరాబాద్‌లో 11 ఏళ్లుగా ఒక కవర్ బ్యాండ్‌లో లీడ్ గిటార్ వాయిస్తున్నాను. శుక్ర, శనివారాలు గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ పబ్బుల్లో ఎవరెవరివో పాటలు. సొంతవి చేద్దామంటే మా సింగర్‌ది ఎప్పుడూ ఒకటే పాట: "తెలుగు రాక్ ఎవడు వింటాడు బ్రో!" గన్స్ ఎన్ రోజెస్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్‌లో ఉండగానే దాని గిటారిస్టు స్లాష్, స్నేక్‌పిట్ అని వేరు కుంపటి పెట్టి 1995లో ఆల్బమ్ తెచ్చాడు, నాకేం తక్కువ అనుకున్నాను. డ్రమ్స్‌కి ఒక కుర్రాడు, బాస్‌కి నా కాలేజీ స్నేహితుడు దొరికారు. నాలుగు నెలల్లో పాటలు తయారు.

ఒక్క చిక్కు వచ్చింది. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది. రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) ఠక్కున ఆగిపోయినా పాడేవాడి నోట్లో 'ఉ'నో 'ఇ'నో ఇంకా సాగుతూ ఉంటుంది. అందుకని మాటను నరకకుండా, రిఫ్‌నే అర బీటు ఆలస్యంగా ఆగేలా జరిపాం. ఐడియా నాదే. చెప్పుకోకపోతే ఎలా?

ఇక స్టూడియో. గంటకు 800. ఇంజనీర్‌కి పాతికేళ్లు కూడా ఉండవు. ఆంప్ (గిటార్ స్పీకర్) ముందు ఎస్‌ఎం57 మైకు పెట్టి, నా హెడ్‌ఫోన్స్‌లో 132 బీపీఎం (నిమిషానికి 132 బీట్లు) క్లిక్ వదిలాడు, అంటే తాళం తప్పకుండా ప్రతి బీటుకీ టిక్‌మనే శబ్దం. డ్రమ్స్ అంతకుముందు రోజే రికార్డయ్యాయి. వాయించడం మొదలుపెట్టాను. రెండో కోరస్ (పల్లవి) సగంలో ఆపేశాడు.

"అన్నా, మీరు రష్ అవుతున్నారు."

"నేను కాదు, డ్రమ్స్ వెనక పడుతున్నాయి" అన్నాను, డ్రమ్మర్ పక్కనే కూర్చుని ఉండగా.

ఇంజనీర్ ఏమీ అనలేదు. డ్రమ్స్ మ్యూట్ చేసి నా గిటార్‌నీ క్లిక్‌నీ మాత్రం వినిపించాడు. స్క్రీన్ మీద బీటు గీతలున్నాయి. కోరస్‌లో నా ప్రతి స్ట్రోకూ గీతకు ముందే వచ్చి నిలబడి ఉంది, బస్సు కోసం రోడ్డు మధ్యకొచ్చేసిన ప్రయాణికుడిలా. 132 మీద ఒక బీటంటే దాదాపు 455 మిల్లీసెకన్లు. నేను 40 దాకా ముందుకు పోతున్నాను. స్టేజీ మీద నేను పరిగెత్తితే మా బ్యాండ్ మొత్తం నా వెనకే పరిగెడుతుంది, జనం ఈలలేస్తారు. 11 ఏళ్లుగా దాన్నే ఊపు అనుకున్నాను.

ఆ పాటకే 17 టేకులు. బాస్ వాయించేవాడు సోఫాలో ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు. పైగా నా గిటార్ ఇంటోనేషన్ (మెడ మీది మెట్ల దగ్గర శ్రుతి) కూడా తప్పిందట: 12వ ఫ్రెట్, అంటే 12వ మెట్టు దగ్గర, తీగను నొక్కకుండా తాకితే పలికే హార్మోనిక్ ఒకటి, నొక్కిన స్వరం ఇంకొకటి పలుకుతున్నాయి. టీ తాగుదామని బయటికొస్తే ఇంజనీర్ ఫోన్లో ఎవరితోనో అంటున్నాడు: "సీనియర్ గిటారిస్టేలే, క్వాంటైజ్ చేసేద్దాం." అంటే నా స్ట్రోకుల్ని కంప్యూటర్‌లో బీటు గీతల మీదికి లాగేద్దామని. ఆ 'సీనియర్' ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

రెండు రోజుల్లో 12,000 వదిలించుకుని ఇంటికొచ్చాను. క్లిక్‌ను సగానికి, 66కి తగ్గించి, అది 2, 4 బీట్ల మీద పడేలా అనుకుంటూ మూడు వారాలు సాధన చేశాను. ఇదొక్కటే నా అసలు సలహా. క్లిక్ అన్ని బీట్లూ చెప్పేస్తుంటే మనం దాని వెంట నడుస్తాం, సగం చెబితే మిగతా సగం మనమే లెక్కపెట్టుకోవాలి. మా ఆవిడ మాత్రం మూడో రోజే "ఆ గడియారం పీక నొక్కెయ్" అంది.

మళ్లీ వెళ్లాను. ఈసారి ఇంజనీర్ కోరస్‌లో క్లిక్‌నే 135కి పెంచాడు. "పాట అక్కడ కాస్త ఎగరాలి కదన్నా. డ్రమ్స్ మళ్లీ ఒక టేకు తీసుకుందాం" అన్నాడు. డ్రమ్మర్ ఒక్క టేకులో, నేను రెండు టేకుల్లో ముగించాం. మొదటి రోజే ఈ మాట చెప్పొచ్చుగా అని ఎగిరాను.

"చెప్పబోయానన్నా. తప్పు డ్రమ్స్‌దని మీరే తేల్చేశారు."

వోకల్స్, మిక్సింగ్, మాస్టరింగ్ సాఫీగా సాగాయి. ఒక్కో పాటకూ కావాల్సిన ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (రికార్డింగ్‌ను గుర్తించే నంబరు) డిస్ట్రిబ్యూటరే ఇచ్చాడు. పాట రాసినవాడి వాటా ఎంత, బాణీ కట్టినవాడిది ఎంత అన్నది మాత్రం మొదటి రిహార్సల్ నాడే కాగితం మీద పెట్టుకోండి. మేం చివర్లో కూర్చున్నాం, స్నేహితుడితో రెండు రోజులు మాటల్లేవు. "లాస్ట్‌లో మీ ఒరిజినల్ ఒకటి వేసుకోండి" అనే పబ్ మేనేజర్లను నమ్మకండి. ఆ లాస్ట్ వచ్చేసరికి డీజే వచ్చేస్తాడు.

శనివారం మళ్లీ పాత బ్యాండ్‌తో షో. చెవిలో క్లిక్ పెట్టుకోమని అక్కడి డ్రమ్మర్‌కి మెసేజ్ పెట్టాను.

"ఎందుకు బ్రో, పరిగెత్తేది నువ్వేగా" అని రిప్లై వచ్చింది.