శాసనాన్ని కింది నుంచి పైకి చదువుతున్నాను: కడప మ్యూజియం అభ్యాసం

కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియానికి వచ్చేవాళ్లు ఎక్కువగా విగ్రహాల దగ్గరే ఆగుతారు. శాసనాల రాళ్ల ముందు రద్దీ ఉండదు కాబట్టి నాకు హాయి. విజయనగర కాలపు లిపి ఇప్పుడు పెద్దగా తడుముకోకుండా చదవగలుగుతున్నాను. అంతకు చాలా ముందు కడప ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళుల నాటి అక్షరాలను మాత్రం ఇంకా కూడబలుక్కుంటున్నాను.

బాగా పనికొచ్చిన కిటుకు ఒకటే: చివరి వరుసలతో మొదలుపెట్టడం. దానశాసనం చివర శాపం ఉండటం రివాజు. తెలుగులోనైతే ఆ ధర్మాన్ని చెరిపినవారు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతారని ఉంటుంది. సంస్కృతంలోనైతే ‘స్వదత్తాం పరదత్తాం వా’ శ్లోకం. దానమిచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడట. ఎంత కోపమో! ఏముంటుందో ముందే తెలుసు కాబట్టి ఆ వరుసల్లోని స, ద, త్త, ప, ర ఎలా ఉన్నాయో చూసి నోట్‌బుక్‌లో దించుకుంటాను. ఆ పట్టికతో పైకి వెళ్తే సగం అక్షరాలు పలుకుతాయి. చెక్కినవారి సంస్కృతాన్ని మాత్రం నమ్ముకోకూడదు; చెవికి వినిపించినట్టే చెక్కేశారు.

మొదటి వరుసలూ మూసలోనే ఉంటాయి: శాలివాహన శకం, సంవత్సరం పేరు, తిథి. శక సంవత్సరానికి 78 కలిపి, సంవత్సరం పేరుతో సరిచూసుకోవాలి. శక 1431 అంటే క్రీ.శ. 1509, శుక్ల నామ సంవత్సరం. రెండూ కుదరకపోతే అంకె మళ్లీ చదవాలి. అసలు కష్టమంతా నడుమనే: ఊరి పేరు, చెరువు, పొలం కొలత. మూసకు లొంగనిది అదే, చదవాలనిపించేదీ అదే.

వెలుతురు సంగతి. టార్చిని ఎదురుగా వేస్తే రాయి చదునుగా కనిపిస్తుంది. పక్క నుంచి, దాదాపు రాతికి ఆనించినంత వాలుగా వేస్తే గాడిలో నీడ నిలిచి అక్షరం లేస్తుంది. సిబ్బందిని అడిగి, ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి ఫొటో తీస్తాను. రెండింటిలోనూ కనిపించేదే గీత. వరుసలను లెక్కచేయకుండా అడ్డంగా సాగిపోయేది పగులు. సుద్ద, పిండి పూయడం అసలు వద్దు, రాయి పాడవుతుంది.

ప్రస్తుతం ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల శాసనం (క్రీ.శ. 575) అచ్చుప్రతి ముందేసుకున్నాను. పదాల మధ్య ఖాళీ లేదు. రాజు పేరు ధనంజయుడు కూడా విరిగింది: ‘ధనంజ’ ఒక వరుసలో, ‘యుదు’ తర్వాతి వరుసలో. అయినా చివర ‘హాపాతక’ అన్న అక్షరాలు మిగిలే ఉన్నాయి; శాపంలో వచ్చే ‘మహాపాతక’ (ఘోర పాపం) అన్న మాటలోని ముక్క అది. అంటే కింది నుంచి చదివే పద్ధతి ఇక్కడా పనిచేస్తుంది.

తర్వాత కర్నూలు జిల్లా ఎర్రగుడి. అక్కడి అశోకుడి లఘు శాసనంలో కొన్ని వరుసలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. శాపాలూ లేవు, తెలుగూ కాదు, కాబట్టి బ్రాహ్మి అక్షరాలు ముందే బట్టీపట్టాలి. ఎండ నెత్తికెక్కకముందే చేరాలంటే గుత్తిలో రాత్రి బస చేయడం మేలు.